‘కాస్త ఓర్చుకోమ్మా’ అంటే సరిపోదు
క్యాన్సర్ పరీక్షకు మహిళలను దూరం చేస్తున్న నొప్పి, బిడియం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఆ కొద్ది నిమిషాలకే జడిసి ఎందరో మహిళలు ఆసుపత్రి గడప తొక్కడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు. 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మందిలో ఈ వ్యాధి బయటపడగా, దాదాపు 80 వేల మంది మరణించారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

అవగాహన లేకపోవడమే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతుంటారు. అది సగం నిజమే. ఒకసారి వచ్చి బాధపడి వెళ్లిన మహిళ మళ్లీ రాదు, ఇరుగుపొరుగునూ రానివ్వదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటలన్నీ ఆ ఒక్క అనుభవం ముందు తేలిపోతాయి.

2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30-65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష జరగాలి. స్పెక్యులమ్ అనే పరికరంతో లోపలి భాగాన్ని తెరిచి, పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, నిమిషం ఆగి తెల్లమచ్చలు ఏర్పడ్డాయేమో చూస్తారు. ఆమ్లం వల్ల కొద్దిపాటి మంట ఉండవచ్చు. అసలు బాధ స్పెక్యులమ్‌తోనే. చల్లని లోహం, శరీరానికి సరిపడని సైజు, సిబ్బంది తొందర, తెర లేని గది... వీటికి తోడు ‘కాస్త ఓర్చుకోమ్మా’ అన్న గదమాయింపు. భయంతో కండరాలు బిగుసుకుంటే నొప్పి రెట్టింపవుతుంది.

వీటిని సరిదిద్దడానికి పెద్దగా ఖర్చు అవసరం లేదు. పరికరాన్ని గోరువెచ్చని నీటితో తడపవచ్చు. చిన్న సైజుతో మొదలుపెట్టవచ్చు. ముందుగా మూత్ర విసర్జన చేయించి, చేయబోయేది మాటల్లో వివరించి, ‘ఆపండి’ అంటే ఆపేస్తామని భరోసా ఇస్తే చాలామంది కుదుటపడతారు. కాళ్లను ఇనుప పట్టీలకు ఎత్తిపెట్టకుండా బల్లపైనే ఉంచి పరీక్షించినప్పుడు అసౌకర్యం, నిస్సహాయ భావన తగ్గాయని 2006లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. ముట్లుడిగిన వారిలో పొడిబారడం వల్ల బాధ ఎక్కువ. వైద్యుల సలహాపై కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీము వాడాక పరీక్షిస్తే ఉపశమనం ఉంటుంది.

తెలంగాణలో 2023 మార్చి 8న కరీంనగర్‌లో ‘ఆరోగ్య మహిళ’ను ప్రారంభించి, మంగళవారాల్లో మహిళలకే ప్రత్యేకంగా వైద్య పరీక్షలు చేపట్టారు. బిడియాన్ని గుర్తించిన ఏర్పాటే అది. అయితే మహిళా సిబ్బంది ఉన్నంత మాత్రాన నొప్పి తగ్గదు. రోజుకు ఎందరిని పరీక్షించారన్న లెక్కే గీటురాయి అయినచోట ఏఎన్ఎంకు నెమ్మదిగా చేసే తీరిక ఎక్కడిది?

మరో దారీ ఉంది. మహిళ తానే చిన్న దూదిపుల్లతో నమూనా తీసి ఇస్తే, అందులో హెచ్‌పీవీ వైరస్ జాడను ప్రయోగశాలలో గుర్తించవచ్చు. స్పెక్యులమ్ అక్కర్లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షకే ప్రాధాన్యమిచ్చి, స్వయంగా నమూనా తీసుకోవడాన్నీ ఆమోదించింది. హైదరాబాద్ శివారు మేడ్చల్ మండలంలో పరిశోధకులు చాలా ఏళ్ల క్రితమే ఈ పద్ధతిని పరిశీలించారు కూడా. వైరస్ కనిపించిన వారికి మాత్రం తదుపరి పరీక్ష తప్పదు. అప్పుడైనా పీహెచ్‌సీలో చిన్న సైజు స్పెక్యులమ్, వేడినీళ్లు, గదికో తెర ఉండాల్సిందే.