బిల్లులో తప్పు వారిది, బాకీ మనదా?

మేము చదివింది అరవ బడిలో. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించి విషయం చూడండి.

పోయిన నెల కోడలి సీమంతానికి మన బళేపేటలోనే ఒక అంగడిలో పట్టుచీర తీసుకున్నాం. అంగడి పేరు వద్దు. చీరకు కట్టిన చీటీలో ధర 4,800, బిల్లులోనూ 4,800. దుడ్డు ఇచ్చి చీర తెచ్చుకున్నాం. సీమంతం అయింది, కోడలు చీర కట్టుకుంది. పదకొండో రోజు అంగడి నుంచి ఫోను. "సార్, చీటీ మారిపోయింది. ఆ చీర 8,400. మిగతా 3,600 ఈరోజే పంపండి, లేకుంటే కంప్లైంట్ ఇస్తాం" అన్నారు.

మా ఇంటావిడ భయపడిపోయింది. "ఇచ్చేద్దామండీ, నలుగురిలో మాటెందుకు" అంది. మన ఇళ్ళలో జరిగేది ఇదే. బాకీ ఉందో లేదో చూడం, పరువు పోతుందని కట్టేస్తాం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

రైల్వేలో బుకింగ్ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళం. ఛార్జీ పొరపాటున తక్కువ తీసుకుని టికెట్టు ఇస్తే, ప్రయాణికుడు వెళ్ళిపోయాక అతని ఊరు వెతుక్కుంటూ ఎవరూ పోరు. అకౌంట్స్ ఆఫీసు నుంచి ఎర్రర్ షీటు వస్తుంది, డెబిట్ మా మీద పడుతుంది. సరుకుల విషయంలో కూడా, తూకం, ఛార్జీ తిరిగి లెక్క చూసి తప్పు సరిచేసుకునే హక్కును 1989 రైల్వే చట్టం 78వ సెక్షన్ సరుకు డెలివరీకి ముందు వరకే ఇచ్చింది. అంత పెద్ద రైల్వేకే గడువు ఉంటే అంగడికి ఉండొద్దా?

చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఒక పక్షం మాత్రమే ఏదో సంగతిలో పొరబడినంత మాత్రాన ఒప్పందం చెడదు. వాళ్ళు ధర చెప్పారు, మేము ఒప్పుకున్నాం, దుడ్డు చేతులు మారింది. బేరం అక్కడితో ముగిసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టమైతే ఇంకా స్పష్టంగా ఉంది. వస్తువు మీద చూపిన ధర కన్నా, ఇద్దరూ ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ వసూలు చేస్తే అదే ఫిర్యాదుకు కారణం. అంటే ఆ 3,600 గుంజుకుంటే ఫిర్యాదు చేయవలసింది మనం, వాళ్ళు కాదు.

పెద్ద కంపెనీలకూ ఇదే నీతి. 2014లో అమెజాన్‌లో ఒక లాప్‌టాప్ 190 రూపాయలకు కనబడితే ఒడిశాలో ఒక విద్యార్థి ఆర్డరు పెట్టాడు. ధర తప్పు పడిందని కంపెనీ రద్దు చేసింది. అతను వదలలేదు. చివరికి రాష్ట్ర వినియోగదారుల కమిషన్ అతనికి పరిహారం ఇమ్మంది.

అలాగని దొరికింది దాచుకోమని మేము చెప్పడం లేదు. చిల్లరలో వంద నోటు బదులు అయిదువందల నోటు వస్తే, ఒక చీరకు రెండు చీరలు సంచిలో పడితే, తిరిగి ఇచ్చి తీరాలి. పొరపాటున చేతికి వచ్చింది తిరిగి ఇవ్వాలని అదే కాంట్రాక్టు చట్టంలో 72వ సెక్షన్ ఉంది. ధర తప్పని ముందే తెలిసి నోరు మూసుకుని కొనడమూ మర్యాద కాదు. మాకు తెలియదు. పట్టు ధరలు మాకేం తెలుసు?

మరునాడు సాయంత్రం అంగడిలో పనిచేసే పిల్లవాడు ఇంటికి వచ్చాడు. "తాతా, ఓనరు నా జీతంలో పట్టుకుంటానంటున్నాడు" అని నిలబడ్డాడు. మాకు మా డెబిట్లు గుర్తొచ్చాయి. ఇంటావిడ పర్సు తీసింది. మేము వద్దన్నాం. మనం ఇస్తే రేపు ఇంకో ఇంటికి ఇంకో పిల్లవాణ్ణి పంపుతారు. అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఓనరుతోనే చెప్పాం: "బాకీ ఉందంటే కాగితం మీద రాసివ్వండి. ఈ పిల్లవాడి జీతం మాత్రం ముట్టుకోవద్దు." ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఫోను రాలేదు. పిల్లవాడి జీతం కోశారో లేదో తెలియదు. ఆ బాధ మాత్రం మాకు ఉంది.

మన సంఘంలో కొనేవాళ్ళూ ఉన్నారు, అంగడివాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ మా మనవి. అంగడివాళ్ళు బిల్లు వేసేముందు చీటీ చూసుకోండి. తప్పు జరిగితే నష్టం అంగడి లెక్కలో రాసుకోండి, పనివాళ్ళ తల మీద వేయకండి. కొనేవాళ్ళు బిల్లు, ధర చీటీ దాచుకోండి. ఫోనులో ఒప్పుకోకండి, రాసి పంపమనండి. బెదిరిస్తే 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు, మనం ఉండే చోటే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న విలువ 5 లక్షల వరకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు.

ఇలాంటి ఫోను ఎవరికి వచ్చినా ఒంటరిగా భయపడకండి. వచ్చే కూటంలో బిల్లు తీసుకురండి, కూర్చుని చూద్దాం.