స్వెత్లానాగారూ, మీకా పేరెవరు పెట్టారండీ?

గోదావరి జిల్లాల్లో మనిషి పేరు వింటే మొక్కుకున్న దేవుడెవరో తెలిసిపోతుంది. సత్యనారాయణ అంటే అన్నవరం, భీమేశ్వరరావు అంటే ద్రాక్షారామం. ఆ వరసలోనే లెనిన్‌బాబులు, స్టాలిన్‌లు, గోర్కీలు, నటాషాలు, స్వెత్లానాలు కూడా ఉన్నారు. ఈ పేర్లు గుడి నుంచి రాలేదు, పుస్తకాల నుంచి వచ్చాయి.

గోర్కీ ‘అమ్మ’ను తెలుగు చేసిన క్రొవ్విడి లింగరాజుది రాజమండ్రే. తర్వాత మాస్కోలో ప్రగతి, రాదుగ సంస్థలు అచ్చేసిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర వాళ్లు చవగ్గా అందించారు. కమ్యూనిస్టు ఇళ్లలో మగపిల్లలకు నాయకుల పేర్లు, ఆడపిల్లలకు నవలల్లోని పేర్లు పెట్టుకున్నారు.

తమాషా ఏమిటంటే లెనిన్, స్టాలిన్, గోర్కీ మూడూ తల్లిదండ్రులు పెట్టినవి కావు, వాళ్లు పెట్టుకున్న మారుపేర్లు. నటాషాకు మూలమైన నతాలియా లాటిన్‌ది. ఈ రెండు ఆడపేర్లలో స్లావ్ మూలమున్నది స్వెత్లానాకే. వెలుగు అని అర్థం. అదీ తాతల నాటిది కాదు. 1802లో వొస్తోకోవ్ తన కావ్యనాయిక కోసం కల్పించాడు. 1813లో అచ్చయిన జుకోవ్‌స్కీ గాథాకవితతో రష్యా అంతటికీ తెలిసింది. చర్చి పంచాంగంలో ఆ పేరుతో సాధ్వి లేదు కనక జ్ఞానస్నానానికి ఫొతినియా అని రాయించుకునేవారు. విప్లవం తర్వాత ఆ అడ్డు తొలగింది. 1926లో పుట్టిన కూతురికి స్టాలిన్ పెట్టుకున్నదీ ఆ పేరే.

అంటే అక్కడా కవిత్వం చదివే ఉయ్యాలలో ఆ పేరు పెట్టారు. మనవాళ్లు చేసిందీ అదే. దాన్ని అరువు పేరని వెక్కిరించడం తేలిక. శరత్‌బాబు, చిత్తరంజన్ మాత్రం ఎక్కడివి? బెంగాలీ నవలలతో, జాతీయోద్యమంతో వచ్చినవే కదా.

పేరుతోపాటు సిద్ధాంతమూ వస్తుందని లేదు. స్టాలిన్‌గారు అన్నవరంలో వ్రతం చేసుకోవచ్చు. ‘ఆయ్, స్టాలిన్‌గారబ్బాయినండి’ అని వాళ్లవాడు చెప్పుకోవచ్చు. 1956లో క్రుశ్చేవ్ స్టాలిన్ దారుణాలను బయటపెట్టాక ఆ పేరు మోసేవాళ్లకు, తాము ఎంచుకోనిదానికి సంజాయిషీ చెప్పుకోవలసిన ఇబ్బందీ వచ్చింది. అదీ ఈ కథలో భాగమే.

మన సాహిత్య చరిత్రలు ఏ పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో చెబుతాయి. ఆ పుస్తకం చదివి ఒక తండ్రి కూతురికి పేరు పెట్టుకున్న సంగతి వాటికి పట్టదు. ఒక అనువాదం పాఠకుడి మీద ఎంత పనిచేసిందనడానికి అంతకు మించిన రుజువేముంటుంది? పేర్లు పెట్టిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ఏ పుస్తకం చదివి పెట్టారో, ఇంట్లో ఎవరు అడ్డుచెప్పారో అడిగి రాసి పంపండి. వాటిని అచ్చువేయడం మా పని.