ధైర్యం చెప్పడం కాదు, చోటివ్వండి



మన గ్రూపుల్లో ఎవరైనా "నిద్ర పట్టట్లేదు, మనసు బాగోలేదు" అని పెడితే పది జవాబులు వస్తాయి. ధైర్యంగా ఉండు తమ్ముడూ. యోగా చెయ్యి. దేవుణ్ణి నమ్ముకో. ఎక్కడ పడుకుంటున్నావు, గదిలో ఎంతమంది, అద్దె ఎంత, పర్మిట్ మీద ఎవరి పేరుంది అని ఒక్కరైనా అడుగుతున్నారా?

పిరికివాళ్లకే మనసు చెడుతుందనుకోవడం తప్పు. బేస్‌మెంట్‌లో గాలి రాని గది. ఒకే పరుపు మీద పగలొకరు, రాత్రొకరు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి. చేతిలో ఒకే యజమాని పేరున్న పర్మిట్. ఇవన్నీ ఒక్కసారి మీద పడితే ఎంత గట్టి మనిషైనా కుంగిపోతాడు. అలాంటివాడికి ధైర్యం బోధించడమంటే కాలు విరిగినోణ్ణి పరుగెత్తమనడమే.

2023 ఎండాకాలంలో టొరంటో నడిబొడ్డున, పీటర్ స్ట్రీట్‌లో షెల్టర్ ఆఫీసు ముందు, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన శరణార్థులు ఫుట్‌పాత్ మీద పడుకున్నారు. సిటీ వాళ్లు ఇది ఫెడరల్ బాధ్యత అన్నారు. ఫెడరల్ వాళ్లు సిటీ వైపు చెయ్యి చూపించారు. చివరికి నార్త్ యార్క్‌లోని నల్లజాతి చర్చీలు తలుపులు తీసి వాళ్లను లోపలికి తీసుకున్నాయి. అంత గొడవ అయ్యాకే, జులైలో, ఫెడరల్ ప్రభుత్వం 21 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో మిసిసాగాలో షెల్టర్ బయట, గుడారంలో ఒక శరణార్థి చనిపోయాడు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినోళ్లకు ఆ ఫుట్‌పాత్ ఇంకో దెబ్బ. ముందు చోటివ్వకుండా కౌన్సెలింగ్ కాగితం చేతిలో పెడితే ఏం లాభం?

"వాళ్లు శరణార్థులు, మనకేంటి" అనేవాళ్లున్నారు. యజమాని పొమ్మన్న రోజు, పర్మిట్ గడువు తీరిన రోజు, మనకూ వాళ్లకూ తేడా ఎంత? 2023లోనే ఐక్యరాజ్యసమితి తరఫున టొమోయా ఒబొకాటా కెనడా వచ్చి చూశాడు. తాత్కాలిక విదేశీ కార్మికుల పద్ధతి ఈ కాలపు బానిసత్వం పెరిగే చోటని చెప్పాడు. ఒక్క యజమానికి కట్టేసిన మనిషి తిట్టినా నోరెత్తడు, జీతం ఆపినా అడగడు. ఆ నోరెత్తలేకపోవడమే రాత్రిళ్లు నిద్ర చెడగొడుతుంది. "ఇష్టపడే వచ్చారుగా" అంటారు. అవును, ఇష్టపడే వచ్చాం, పని చెయ్యడానికి. నోరు మూసుకుని బతకడానికి కాదు.

మన సంఘాల సంగతీ చెప్పుకోవాలి. బతుకమ్మకు, సంక్రాంతికి హాళ్లు దొరుకుతాయి. ఊరి నుంచి నాయకుడొస్తే శాలువాలు దొరుకుతాయి. మనవాడు పోయాడని తెలిస్తే శవాన్ని ఇంటికి పంపడానికి చందాలూ వస్తాయి. మంచిదే. కానీ ఆ మనిషి బతికుండగా రెండు వారాలు ఒక మంచం, రెండు పూటలా అన్నం ఎవరిచ్చారు? చర్చీలు చెయ్యగలిగిన పని మన సంఘాలు ఎందుకు చెయ్యలేవు?

అందుకే అడుగుతున్నాం. ప్రభుత్వం ఒక్క యజమానికి కట్టేసే పర్మిట్లు తీసెయ్యాలి. ప్రతి తెలుగు సంఘం పండగ ఖర్చులోంచి కొంత తీసి, రోడ్డున పడ్డవాళ్లకు ఒక గది అద్దెకు పెట్టాలి. మనం ప్రతి ఒక్కరం ఈ ఆదివారం ఒంటరిగా ఉన్న ఒక్కరికి ఫోన్ చెయ్యాలి. ధైర్యం చెప్పడానికి కాదు, "తిన్నావా, ఎక్కడుంటున్నావు" అని అడగడానికి.

ఇవి గుర్తుంచుకోండి:

● యజమాని వేధిస్తే, ఒకే యజమాని పేరున్న పర్మిట్ ఇంకా చెల్లుబాటులో ఉన్నప్పుడే ఓపెన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చెయ్యొచ్చు. 2019 జూన్ నుంచి ఈ దారి ఉంది. ఫీజు లేదు. మెసేజ్‌లు, జీతం చీటీలు, ఫోటోలు దాచుకోండి.

● ఒంటారియోలో ఇంటి ఓనర్‌తో కిచెన్ గానీ బాత్‌రూమ్ గానీ పంచుకుంటే అద్దె చట్టం రక్షణ ఉండదు. గదిలో దిగే ముందే చూసుకోండి.

● చనిపోవాలనిపిస్తే 988కి కాల్ గానీ మెసేజ్ గానీ చెయ్యండి. పగలూ రాత్రీ ఉంటారు, ఉచితం. అక్కడ మాట్లాడేది ఇంగ్లీషు, ఫ్రెంచ్. మాట రాకపోతే పక్కనున్నవాళ్లు కూర్చుని మాట్లాడించండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఈ మెసేజ్ మీ రూమ్‌మేట్లకూ పంపండి.