నరం దొరక్కపోతే.. బొక్క ఉంది!

'నరం దొరుకుతలేదు'.. దవాఖానాలో ఈ మాట వింటే చాలు, మనవాళ్ల కాళ్లు చేతులు ఆడవు. వాంతులు, విరేచనాలతో వడలిపోయిన పసిబిడ్డ కావచ్చు, రోడ్డు ప్రమాదంలో రక్తం పోయిన కుర్రాడు కావచ్చు. వెంటనే సెలైన్ ఎక్కాలి. సరిగ్గా అప్పుడే నరాలు ముడుచుకుపోతాయి. చేతికి, కాలికి, తలకు ఎక్కడ పొడిచినా ఫలితం ఉండదు. నిమిషాలు మాత్రం కరిగిపోతాయి.

దీనికో దారి ఉంది. అదే బొక్క. ఎముక లోపలి మూలుగ నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి. చుట్టూ గట్టి ఎముక ఉండటంతో షాక్‌లోనూ అవి ముడుచుకోవు. మోకాలికి కాస్త కింద, కాలి లోపలివైపు ఎముకలోకి ప్రత్యేక సూది దించితే సెలైన్, మందులు, రక్తం కూడా ఎక్కించొచ్చు. చేయి తిరిగినవారికి నిమిషం చాలు. డాక్టర్లు దీన్ని 'ఇంట్రాఆసియస్' పద్ధతి అంటారు.

ఇది నిన్నమొన్నటిది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకూ వాడారు. ప్లాస్టిక్ క్యానులాలు వచ్చాక మరిచిపోయారు. మన దేశంలో కలరా ప్రబలినప్పుడు ఈ పద్ధతి వాడటం చూసిన అమెరికా పిల్లల డాక్టరు జేమ్స్ ఓర్లోవ్‌స్కీ 1984లో దీనిపై వ్యాసం రాశారు. ఆ తర్వాతే పిల్లల అత్యవసర వైద్యంలో దీనికి మళ్లీ చోటు దక్కింది. మన గడ్డ మీద చూసింది వాళ్లకు అక్కరకొచ్చింది. మరి మన తాలూకా ఆస్పత్రుల్లో?

దూరమే అసలు శత్రువు

2023 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య నాందేడ్ ప్రభుత్వ పెద్దాస్పత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది శిశువులు. ఈ సూది ఉంటే వారు బతికేవారని చెప్పడం లేదు. ఆ లెక్క వేరు. కానీ 70, 80 కిలోమీటర్ల పరిధిలో ఇదొక్కటే పెద్ద దవాఖానా అని అధికారులు అప్పుడు చెప్పిన మాట గుర్తుంచుకోవాలి. ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్ నుంచి రోగిని అంబులెన్స్ ఎక్కించే ముందే మందు ఒంట్లోకి వెళ్లే దారి వేయాలి. 'నాందేడ్ తీసుకుపోండి' అని చీటీ రాస్తే సరిపోదు.

ఇది మంత్రం కాదు. విరిగిన ఎముకలో వేయరాదు. 24 గంటల్లోపు తీసేయాలి. సూది పక్కకు జారితే మందు కండలోకి పోయి కాలికే ముప్పు రావచ్చు. గుండె ఆగిన పెద్దవారికి మొదటే ఎముక దారి పట్టినా బతికేవారి సంఖ్య పెరగలేదని 2024లో బ్రిటన్, డెన్మార్క్ పరిశోధనలు తేల్చాయి. అంటే నరం దొరికితే నరమే. దొరకనప్పుడే బొక్క.

ఖర్చు సాకు కాదు

బ్యాటరీ డ్రిల్లు ఖరీదైనదే. కానీ చేత్తో వేసే సూదీ ఉంది. అదీ లేకుంటే మూలుగ పరీక్షకు వాడే సూదితోనూ పని నడుస్తుంది. సాధనకు కోడి కాలి బొక్క చాలు.

మరో సంగతి భాష. 'హాడాత్ సుయీ' అని డాక్టరు మరాఠీలో అంటే తెలుగు తల్లి బిడ్డను గుండెలకు హత్తుకుని వెనక్కి జరుగుతుంది. తప్పు ఆమెది కాదు. 'అమ్మా, నరం దొర్కుతలేదు. బొక్కల నుంచి మందు ఎక్కిస్తం, నరం దొరికినంక తీసేస్తం' అని మన భాషలో ఒక్క ముక్క చెప్పేవారుండాలి.

జిల్లా ఆరోగ్య శాఖను అడగాల్సింది మూడే. ప్రతి గ్రామీణ ఆస్పత్రిలో, ప్రతి 108లో ఈ సూది. ఏటా డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ. ఎన్నిసార్లు పొడిచాక నరం వెతకడం ఆపాలో గోడమీద రాసిన నియమం. రేపు ఓట్ల కోసం వచ్చే నాయకుడినీ ఇదే అడుగుదాం: మా ఊరి దవాఖానాలో ఆ సూది ఉందా? వేసే చేయి ఉందా?