నింగిలో నిప్పుగోళం.. నిజం తేల్చేదెలా?

ఆకాశంలో మండుతున్న గోళం కనిపిస్తే చాలు, గంట తిరక్కుండానే వదంతులు గుప్పుమంటాయి. ఉల్క అని ఒకరు, విమానం కూలిందని మరొకరు, క్షిపణి అని ఇంకొకరు. చూసినవారు చెప్పేది అబద్ధం కాదు. నిర్ధారణకు పనికొచ్చే వివరాలే అందులో కొరవడుతుంటాయి.

2022 ఏప్రిల్‌ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో ప్రజలు నింగిలో నిప్పుల వరుసను చూశారు. తొలుత ఉల్కాపాతమనే ప్రచారం సాగింది. తెలంగాణకు ఆనుకుని ఉన్న చంద్రపూర్‌ జిల్లా లాడ్‌బోరిలో లోహపు వలయం పడి ఉండటంతో అనుమానం మొదలైంది. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్‌మార్చ్‌-3బి రాకెట్‌ మూడో దశ సరిగ్గా ఆ సమయంలోనే వాతావరణంలోకి తిరిగి ప్రవేశించిందని నిపుణులు లెక్క తేల్చారు.

వేగమే తొలి ఆధారం

ఉల్కలు సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, సాధారణంగా కొన్ని సెకన్లలోనే ఆరిపోతాయి. కక్ష్య నుంచి జారిన రాకెట్‌ శకలాల వేగం దాదాపు 8 కిలోమీటర్లే. అవి ముక్కలుగా విడిపోతూ, ఇంచుమించు అడ్డంగా, నిమిషం వరకూ సాగగలవు. ఎంతసేపు కనిపించిందో చెప్పగలిగితే సగం సందేహం తీరినట్లే.

దూరం విషయంలో మాత్రం కన్ను మోసపోతుంది. పదుల కిలోమీటర్ల ఎత్తున వెలిగినది సైతం పక్క పొలంలోనే పడినట్లు తోస్తుంది. దూరదూరంగా ఉన్న రెండు మూడు ఊళ్లవారు సమయం, నిలుచున్న చోటు, గోళం మొదలైన దిక్కు, ముగిసిన దిక్కు చెబితేనే దాని మార్గాన్ని గణించవచ్చు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌పై పేలిన ఉల్క మార్గాన్ని కార్లలోని కెమెరాల దృశ్యాలతోనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

తొందరపాటు తగదు

చిత్తూరు సరిహద్దులోని వేలూరు జిల్లాలో 2016 ఫిబ్రవరి 6న పేలుడు సంభవించి ఒక బస్సు డ్రైవర్‌ మరణించారు. మర్నాడే తమిళనాడు ప్రభుత్వం ఉల్కే కారణమని ప్రకటించింది. అక్కడి ఫొటోలు చూసిన నాసా శాస్త్రవేత్తలు మాత్రం అది నేలమీద జరిగిన పేలుడులా ఉందన్నారు. ఒక ప్రాణం పోయినప్పుడు కారణం సరిగ్గా తేలడం ఆ కుటుంబానికీ, దర్యాప్తునకూ ఎంతో అవసరం.

గోళం కనిపించిన ప్రాంతంలో నల్లని పైపొరతో రాయి దొరికితే కడగకుండా, పగలగొట్టకుండా భద్రపరచి, తహసీల్దారు ద్వారా భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలియజేయాలి. లోహపు శకలమైతే ముట్టుకోరాదు, ఇంధనపు అవశేషాలు ఉండవచ్చు. వెంటనే పోలీసులకు సమాచారమివ్వాలి. ఫిర్యాదు అందుకున్న అధికారులు సైతం 'ఏం చూశారు' అనడంతో ఆగకుండా ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎటువైపు, ఎంతసేపు అని అడిగి నమోదు చేసినప్పుడే వదంతి ఆధారంగా మారుతుంది.