ఎర లేని గాలం



మన ఊళ్ళలో చెరువు గట్టున కూర్చున్న పిల్లవాడు గాలానికి ఎర్రను గుచ్చి నీళ్ళలో వేస్తాడు. చేపకు అందులో కాస్త తిండైనా ఉంటుంది. బొత్తిగా తిండి లేని గాలం కూడా ఒకటున్నది. నీలగిరి కొండల వాగుల్లోకి ఆంగ్లేయులు తెచ్చి వదిలిన ట్రౌట్ చేప కోసం దానిని కడతారు.

తూనీగ రెక్కలు రాకముందు నెలల తరబడి నీటి అడుగున పురుగుగా బ్రతుకుతుంది. ఆ పురుగంటే ట్రౌట్‌కు ఇష్టం. అందుచేత గాలం మీద దాని రూపమే కడతారు. అడుగుకు మునగాలి గనుక ముందు సన్నని సీసపు తీగ చుడతారు. పాచిరంగు బొచ్చును దారానికి పేని, దానిమీద లావుగా చుడతారు. కాళ్ళకు కోడి ఈక, కళ్ళకు రెండు పూసలు. చివర ముడివేసి జిగురు పూస్తారు. తూనీగ పిల్ల వెనుకనుండి నీటిని చిమ్ముతూ కుదుపులుగా సాగుతుంది. కాబట్టి దారాన్ని కూడా కొంచెం గుంజి, ఆపి, మళ్ళీ గుంజుతారు. చేప ఆకలి ఎరిగినవాడే ఈ గాలం కట్టగలడు.

మన విశాఖపట్నంలోనూ ఇటువంటి గాలం పడింది. సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, యువకులను కంబోడియాకు చేర్చి, వారిచేత సైబర్ మోసాలు చేయించిన సంగతిని నగర పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్నచోట కూడా పని దొరకని బిడ్డ ఆకలి ఏజెంటుకు తెలుసు. ఇంట్లో మనకు తెలుసా?

శోధనను గూర్చి యాకోబు 1:14లో వాడిన గ్రీకు మాట, ఎర చూపి లాగుటను తెలిపే మాటే. ఉద్యోగం కోరుట పాపం కాదు. చూడకుండా మింగుటే ప్రమాదం.

తల్లిదండ్రులారా, మేము మనవి చేసేదేమంటే, విదేశాల్లో పని అన్నప్పుడు ఆ ఏజెంటు పేరు విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నదేమో చూపించుకోండి. టూరిస్టు వీసా మీద పనికి వెళ్ళమంటే ఒప్పుకోవద్దు. నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. లక్షలడిగితే దారం అవతల ఒక చెయ్యి ఉన్నదని గ్రహించండి. పొలం తాకట్టు పెట్టకముందే బిడ్డతో కూర్చుని కాగితాలు చదివించి, కలిసి ప్రార్థించండి.

మోసపోయి తిరిగివచ్చిన బిడ్డ మీ సంఘంలో ఉంటే నిందించవద్దు, చేర్చుకొనండి. గాలపు గాయం మానడానికి ఇంటి ప్రేమ కావాలి. ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.