స్కోరు తర్వాత, సమాధానం ముందు: మ్యాట్‌ల్యాబ్ భాషకు వేగమైన ఓపెన్ సోర్స్ ఇంజిన్ ఎందుకు కావాలి?

కొత్త ఫోన్ లాంచ్ కాగానే మనలో చాలామంది మొదట వెతికేది బెంచ్‌మార్క్ స్కోరు. రెండు నెలలు వాడాక గానీ తెలీదు, ఆ స్కోరుకీ చేతిలో ఫోన్ నడిచే తీరుకీ ఎంత దూరం ఉందో. ప్రోగ్రామింగ్ భాషల విషయంలోనూ ఇదే జరుగుతోంది. "మా రన్‌టైమ్ ఇన్ని రెట్లు ఫాస్ట్" అనే గ్రాఫ్ కనిపిస్తే చాలు, షేర్ కొట్టేస్తున్నాం. మ్యాట్‌ల్యాబ్ కోడ్‌ని లైసెన్స్ అవసరం లేకుండా, వేగంగా నడిపే ఓపెన్ సోర్స్ రన్‌టైమ్ కట్టాలన్న ప్రయత్నాల మీద నా అభిప్రాయం ఇది. అలాంటిది కచ్చితంగా కావాలి. కానీ దాన్ని కొలవాల్సింది ఆ గ్రాఫ్‌తో కాదు.

రన్‌టైమ్ అంటే ఏంటో ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తా. మనం రాసిన కోడ్‌ని చదివి, మెమరీ సర్ది, ప్రాసెసర్‌తో పని చేయించే ఇంజిన్ అది. భాష ఒకటే అయినా ఇంజిన్లు వేరువేరుగా ఉండొచ్చు. జావాస్క్రిప్ట్‌కి క్రోమ్‌లో ఒక ఇంజిన్, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో ఇంజిన్ ఉన్నట్టే.

ఆ రాత్రి కరెంటు పోయింది

నేను బీటెక్ ఈసీఈ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఈసీజీ సిగ్నల్స్‌లో నాయిస్ తీసేయడం. మ్యాట్‌ల్యాబ్ ఉన్నది కాలేజీ ల్యాబ్ సిస్టమ్స్‌లో మాత్రమే. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి అటెండర్ తాళాలతో రెడీ. "అన్నా, ఒక్క పది నిమిషాలు" అంటే, "రేపు రా తమ్ముడూ" అనేవాడు. ఆయన తప్పేం లేదు, ఆయన బస్సు ఆయనది.

నా టీమ్‌మేట్ ఎవరి దగ్గరో పెన్ డ్రైవ్‌లో క్రాక్ తెచ్చాడు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అందులోనే ఒక టెక్స్ట్ ఫైల్. వీడు అలాగే చేశాడు. వారం తిరక్కుండా వాడి ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి, మా ప్రాజెక్ట్ రిపోర్టుతో సహా.

నేను భయపడి, అదే భాషని నడిపే ఒక ఉచిత ఇంటర్‌ప్రెటర్ వేసుకున్నా. కోడ్ దాదాపు మార్చకుండానే నడిచింది. ఆ సంతోషం కాసేపే. పూర్తి డేటా ఇస్తే లూప్ కదలడం లేదు. పడుకునే ముందు రన్ పెట్టా. తెల్లవారుజామున కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన నా పాత ల్యాప్‌టాప్ కూడా దాంతోపాటే పోయింది. మర్నాడు రివ్యూలో పది రికార్డింగ్‌లకు బదులు రెండింటి ఫలితాలే చూపించాం. "మిగతావి ఏవి?" అని ఎక్స్‌టర్నల్ సార్ అడిగితే ఇద్దరం నేల చూపులు చూశాం.

సగం తప్పు నాదే. మ్యాట్రిక్స్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాల్సిన చోట లూపులో లూపు, అందులో ఇంకో లూపు రాశా. కానీ నేర్చుకునేవాడు రాసేది అలాగే కదా! ఉచితం అయినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ అందరికీ అందినట్టు కాదని ఆ రోజు అర్థమైంది. ఉచితమైనది నెమ్మదిగా ఉంటే పిల్లలు మళ్లీ క్రాక్ దగ్గరికే వెళ్తారు.

ఈ భాష పుట్టిందే విద్యార్థుల కోసం

1970ల చివర్లో క్లీవ్ మోలర్ అనే గణిత ప్రొఫెసర్ న్యూ మెక్సికో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ అనే మ్యాట్రిక్స్ లైబ్రరీలను తన విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయకుండానే వాడుకోవాలని మొదటి మ్యాట్‌ల్యాబ్ రాశారు. 1984లో మ్యాథ్‌వర్క్స్ కంపెనీ వచ్చాక అది అమ్మే ప్రొడక్ట్ అయింది. మంచి ప్రొడక్టే, అందులో గొడవ లేదు. డాక్యుమెంటేషన్, టూల్‌బాక్సులు, సిమ్యులింక్... కంపెనీలు ఊరికే డబ్బులు పెట్టి కొనడం లేదు.

ఉచితం వైపు జీఎన్‌యూ ఆక్టేవ్ ఉంది. జాన్ ఈటన్ దీని మీద 1992లో పూర్తిస్థాయి పని మొదలుపెట్టారు. 2011లో ఆండ్రూ ఎన్‌జీ ఆన్‌లైన్ మెషీన్ లెర్నింగ్ కోర్సు అసైన్‌మెంట్లు వేలాది మంది చేయగలిగారంటే అందులో ఆక్టేవ్ పుణ్యం చాలా ఉంది. మన దేశంలో ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్ట్ సైల్యాబ్ లాంటి ఉచిత టూల్స్‌ని కాలేజీలకు చేరుస్తోంది.

"ఇంత గొడవెందుకు, పైథాన్ నేర్చుకోవచ్చుగా? జూలియా ఉందిగా?" అని మీరు అడగొచ్చు. కొత్త ప్రాజెక్ట్ అయితే నేనూ అదే చెప్తా. జూలియా 2012లో బయటికొచ్చిందే వేగం కోసం. కానీ సిలబస్‌లో, ల్యాబ్ మాన్యువల్‌లో, సీనియర్ల థీసిస్‌లలో, ఫ్యాక్టరీల్లో ఉన్న డాట్ ఎమ్ ఫైళ్లని ఎవరు తిరగరాస్తారు? 2020లో అమెరికా ఆంక్షల వల్ల చైనాలోని హార్బిన్‌లో రెండు యూనివర్సిటీలకు మ్యాట్‌ల్యాబ్ ఆగిపోయింది. కోడ్ వాళ్లదే, దాన్ని నడిపే ఇంజిన్ వాళ్లది కాదు. లైసెన్స్ అయిపోయిన ప్రతి కాలేజీలో జరిగేది కూడా చిన్న స్థాయిలో ఇదే.

నెమ్మది ఎక్కడ నుంచి వస్తుంది?

ఇక్కడ చాలామంది ప్రాసెసర్‌ని తిడతారు. అసలు దొంగ మెమరీ.

ఒక ఉదాహరణ చూద్దాం. కోటి సంఖ్యలున్న ఒక వరుస ఉంది. ఒక్కో సంఖ్యకి 8 బైట్లు, మొత్తం 80 ఎంబీ. ప్రతి సంఖ్యనీ రెండుతో గుణించి, మూడు కలిపి, వర్గం చేయమన్నాం. సాదా ఇంటర్‌ప్రెటర్ ఏం చేస్తుందంటే, మొదట అన్నిటినీ గుణించి కొత్త 80 ఎంబీ వరుస రాస్తుంది. దాన్ని మళ్లీ చదివి, మూడు కలిపి ఇంకో వరుస రాస్తుంది. మళ్లీ చదివి, వర్గం చేసి మూడోది రాస్తుంది. చదవడం, రాయడం కలిపి 480 ఎంబీ అటూ ఇటూ తిరిగింది. తెలివైన రన్‌టైమ్ ఒక్కో సంఖ్యని ఒకేసారి తీసుకుని మూడు పనులూ చేసి ఒకేసారి రాస్తుంది. 160 ఎంబీతో సరి. దీన్నే ఫ్యూజన్ అంటారు.

హాస్టల్ మెస్‌లో అన్నం పెట్టించుకుని టేబుల్ దగ్గరికొచ్చి, మళ్లీ సాంబారు కోసం లైన్లోకెళ్లి, మళ్లీ పెరుగు కోసం వెళ్లే వాడిని చూసుంటారు. వాడు తినడం స్లో కాదు, తిరగడం ఎక్కువ. అంతే తేడా.

"జీపీయూకి ఇచ్చేస్తే పోలా?" అంటే, అదీ అంత తేలిక కాదు. విడి గ్రాఫిక్స్ కార్డ్ అయితే డేటా అక్కడికి వెళ్లి రావాలి. చిన్న లెక్కకి ఆ ప్రయాణానికే టైమ్ అయిపోతుంది. పైగా మ్యాట్‌ల్యాబ్ భాషలో సంఖ్య అంటే మామూలుగా డబుల్, అంటే 15-16 అంకెల కచ్చితత్వం. ఆపిల్ మెటల్‌లో జీపీయూ మీద డబుల్ లేనే లేదు. వెబ్‌జీపీయూ షేడర్ భాషలోనూ లేదు. చాలా గేమింగ్ కార్డుల్లో డబుల్ లెక్కల వేగం సింగిల్ వేగంలో 32వ వంతో, 64వ వంతో ఉంటుంది. కాబట్టి జీపీయూ గ్రాఫ్ చూపించే ఎవరినైనా మొదట అడగాల్సిన ప్రశ్న: డబుల్‌లో కొలిచారా, సింగిల్‌లోనా? సింగిల్ అయితే మీ కచ్చితత్వం ఏడు అంకెల దగ్గరే ఆగింది.

వేగంగా వచ్చిన తప్పు సమాధానం

కంప్యూటర్‌లో కూడిక వరుస మారిస్తే సమాధానం మారొచ్చు. ఒకటి పక్కన 16 సున్నాలున్న సంఖ్యకి 1 కలిపి, మళ్లీ అదే పెద్ద సంఖ్య తీసేయండి. డబుల్‌లో సున్నా వస్తుంది. ముందు తీసేసి తర్వాత 1 కలిపితే ఒకటి వస్తుంది. ఒక వరుసని ముక్కలు చేసి వేల థ్రెడ్లతో కూడే ఇంజిన్ ఈ క్రమాన్నే మారుస్తుంది. చాలాసార్లు తేడా చివరి అంకెల్లోనే ఉంటుంది. కానీ బ్రిడ్జ్ డిజైన్‌లోనో, ఈసీజీలోనో "చాలాసార్లు" అనే మాట నాకు చాలదు. ఎక్కడ, ఎంత తేడా రావొచ్చో రన్‌టైమ్ రాసినవాళ్లు రాసి పెట్టాలి.

ఉద్యోగంలో చేరాక వీకెండ్లలో సరదాగా నేనే రస్ట్‌లో ఒక బుల్లి ఇంటర్‌ప్రెటర్ మొదలుపెట్టా. వేగం సంగతి తర్వాత, చదవడమే కష్టమైంది. ఈ భాషలో పేరు పక్కన బ్రాకెట్లో మూడు ఉంటే, అది వరుసలో మూడో సంఖ్య కావొచ్చు, ఫంక్షన్‌కి మూడు ఇచ్చి పిలవడమూ కావొచ్చు. ఒకే కొటేషన్ గుర్తు ఒకచోట మ్యాట్రిక్స్‌ని తిప్పుతుంది, ఇంకోచోట టెక్స్ట్ మొదలుపెడుతుంది. మైనస్ ఒకటికి వర్గమూలం అడిగితే ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు లేకుండా కాంప్లెక్స్ సంఖ్య ఇస్తుంది. అంటే ఫలితం ఏ రకమో ముందే తెలీదు, విలువ చూస్తేనే తెలుస్తుంది. ముందే ఊహించి వేగమైన మెషీన్ కోడ్ తయారు చేసే జిట్ కంపైలర్, ఆ ఊహ తప్పితే సురక్షితంగా వెనక్కి రావాలి. నాది వెనక్కి రాలేదు, తప్పు సమాధానం ఇచ్చి ముందుకే పోయింది. అదీ ఎర్రర్ లేకుండా, భలే స్పీడుగా! ఆ రోజు నుంచి బెంచ్‌మార్క్ గ్రాఫ్‌ల మీద నా భక్తి తగ్గింది.

ఇంకో సంగతి మనుషులు. ఆక్టేవ్‌లోనూ ఎల్‌ఎల్‌వీఎమ్ ఆధారంగా ఒక జిట్ ప్రయోగం జరిగింది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకునేవాళ్లు లేక చివరికి తీసేశారు. వేగమైన కోడ్ రాయడం ఒక ఎత్తు, పదేళ్లు దాన్ని బతికించడం ఇంకో ఎత్తు.

మరి దేన్ని చూసి నమ్మాలి?

నా లిస్టు చిన్నది. పాత డాట్ ఎమ్ ఫైల్ ముట్టుకోకుండా నడవాలి. సమాధానాలు సరిపోతున్నాయని చూపే టెస్టులు ఎవరైనా నడిపి చూసుకునేలా బయట ఉండాలి. లూపులో లూపు రాసిన కొత్తవాడి కోడ్ కూడా, జీపీయూ లేని నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద, ఒక రాత్రి పట్టకుండా పూర్తవ్వాలి. ఇంకా చేయలేని పనుల జాబితా హోమ్‌పేజీలోనే కనపడాలి. టూల్‌బాక్సులు, సిమ్యులింక్ మోడల్స్ నడవకపోతే నడవవని చెప్పేయాలి. ఈ నాలుగూ ఉన్నాక ఎన్ని రెట్లు ఫాస్టో చెప్పండి, చప్పట్లు కొడతా.

మీ వంతు కూడా ఉంది. మీ పాత డీఎస్‌పీ ల్యాబ్ ఫోల్డర్ ఎక్కడో డ్రైవ్‌లో పడి ఉంటుంది. అందులో ఒక ప్రోగ్రామ్ తీసి, ఆక్టేవ్‌లోనో, కొత్తగా వస్తున్న ఏ ఓపెన్ ఇంజిన్‌లోనో నడపండి. ల్యాబ్ రికార్డులో రాసుకున్న ఫలితంతో పోల్చండి. తేడా వస్తే ఆ కోడ్, రెండు సమాధానాలు కలిపి బగ్ రిపోర్ట్ పెట్టండి. అది రాయడానికి కంపైలర్ థియరీ అక్కర్లేదు, మీ రికార్డు చాలు.

నేనూ ఆ ఈసీజీ కోడ్ తీశా. ఈసారి రెండు కాదు, పది రికార్డింగ్‌లూ నడపాలి.